పద్మలత వద్దన్న రేసు క్యామ్‌షాఫ్ట్

ఆర్మూర్‌ల పెర్కిట్ దిక్కు రేకుల షెడ్డు ముంగట నిలబడి ఎవరన్న "మెకానిక్ ఉన్నడా?" అని అడిగితే, పద్మలత కారు కిందికెల్లే "ఉన్నది, చెప్పుండ్రి" అంటది.

పన్నెండేండ్లు బీడీలు చుట్టిన చేతులవి. నాయిన ధర్మయ్య పోయినంక ఈ షెడ్డు, అండ్ల ఉన్న పాత అంబాసిడర్ ఆమెకు మిగిలినయి. తమ్ముడు రవీందర్ అప్పటికే దుబాయిల ఉన్నడు. "ఆడిదానికి ఇంజన్ పని ఏంది, తుక్కుకు ఏసెయ్యి" అని చెప్పనోళ్లు లేరు. ఆమె ఎయ్యలే. బీడీల చాట పక్కకు పెట్టి, నాయిన పక్కన నిలబడి నేర్సుకున్న పనిని పట్టుకున్నది. అదే కారుల వేల్పూర్, ముప్కాల్ దిక్కు ఊర్లకెల్లి నిండు చూలాండ్లను, ముసలోళ్లను దవాఖానకు తోలుకొస్తది.

మొన్న ఎండకాలం మొదట్ల, పసుపు ట్రాక్టర్లు మార్కెట్ యార్డు ముంగట బారు కట్టిన దినాలల్ల, కారుకు దమ్ము తగ్గింది. చిన్న ఎక్కు గూడ ఎక్కలేకపోయింది. ఇంజన్ ఇప్పి చూస్తే క్యామ్‌షాఫ్ట్ అరిగి ఉన్నది. ఆ ఇనుప కడ్డీ మీద గుడ్డు ఆకారంల గుబ్బలుంటయి. కడ్డీ తిరుగుతుంటే గుబ్బలు వాల్వులను తెరుస్తయి, ఇంజన్ గాలి పీలుస్తది. ఎనిమిదింట్ల రెండు గుబ్బలు సగానికి వచ్చినయి.

"ఎట్లాగు ఇప్పిన. మళ్ల పాతదసొంటిదే ఎందుకు? నాయిన నడిపినప్పటి కంటె గట్టిగ లాగేది పెడ్త" అనుకున్నది.

గదే వారం రవీందర్ సెలవు మీద వచ్చిండు. పదేండ్ల సంది అక్కడ పెద్ద గ్యారేజీల పని. అక్క ఫోన్ల చెప్పిన ముచ్చట విని, తువ్వాల్ల చుట్టి ఒక క్యామ్‌షాఫ్ట్ తెచ్చిండు.

"రేసు బండ్లకు పెట్టేది అక్కా. మస్తు ఉరుకుతది."

పద్మలత గుబ్బల మీద బొటనవేలు పెట్టి చూసింది. గేజీ పెట్టి కొలిచింది.

"గిది పెట్టను తమ్మీ."

"ఎందుకు?"

"దీంతోని ఇంజన్ తిరుగుడుల వాల్వులు మూడొందల డిగ్రీల దాంక తెరిచే ఉంటయి. ఇంజన్ నిమిషానికి నాలుగు వేల చుట్లు దాటినంకనే దీనికి బలం. మెల్లగ నడిపితే వణుకుతది, ఆగిపోతది."

"వణుకనియ్యి. రేసు ఇంజన్ సప్పుడే గట్లుంటది."

"నా బండ్ల నెలలు నిండినోళ్లు కూసుంటరు."

రవీందర్‌కు కోపమొచ్చింది. "నేను ఎన్ని ఇంజన్లు చూసిన! నువ్వు ఈ షెడ్డు దాటినవా?"

"దాటలే. గందుకే గీ రోడ్లకు ఏం గావాల్నో నాకెరుక."

తెల్లారి అతన్ని ఆటోల ఎక్కించుకొని వేల్పూర్ పోయి వచ్చింది. వచ్చేటప్పుడు ఆటో ఎన్నిసార్లు ఆగి కదిలిందో ఇద్దరు లెక్కపెట్టిన్రు. స్పీడు బ్రేకర్లు, బర్లు, పసుపు ట్రాక్టర్లు, యార్డు గేటు... ముప్పై ఎనిమిది సార్లు. యాభై ఐదు కిలోమీటర్ల స్పీడు దాటి ఒక్కసారి గూడ పోలే. రవీందర్ మొఖం ముడుచుకున్నడు.

పద్మలత హైదరాబాద్‌ల సామాన్ల దుకాణానికి ఫోన్ చేసింది. రెండొందల అరవై డిగ్రీల క్యామ్‌షాఫ్ట్, తక్కువ చుట్ల కాడికెల్లే బలం పెంచేది అడిగింది.

"దాన్ని ఎవరు కొంటలేరమ్మా, అందరు పెద్దదే తీస్కపోతున్నరు. మీ మెకానిక్‌కు ఫోనియ్యిండ్రి" అన్నడు దుకాణమాయన.

"ఇప్పటిదాంక నువ్వు మాట్లాడింది మెకానిక్‌తోనే. గదే పంపు. కొత్త ట్యాపెట్లు గూడ పెట్టు."

తల్లి శంకరమ్మకు మనసున పట్టలే. "వాడు ప్రేమతోని తెచ్చిండు బిడ్డా. జర పెట్టరాదు."

"ప్రేమను గుండెల పెట్టుకుంట అవ్వా. ఇంజన్ల పెట్ట."

సామాను వచ్చింది. నాలుగు దినాలు కూసొని బిగించింది. కొత్త క్యామ్‌కు మొదటి ఇరవై నిమిషాలే గండం. రెండు వేల చుట్లకు తగ్గకుండ ఉరికించాలె. నడుమ ఆపితే గుబ్బలు, వాటికి ఆనుకొని వాల్వులను నెట్టే ట్యాపెట్లు ఒకదానికొకటి కుదరకముందే గీసుకొని పోతయి.

పొద్దున పది గొట్టంగ సీట్ల కూసొని స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తొక్కి పట్టింది. షెడ్డు రేకులు దడదడలాడినయి. సైలెన్సర్ గొట్టానికి అంటిన ఆయిల్ కాలి తెల్లటి పొగ కమ్మింది. జనం జమైన్రు. పక్క దుకాణం గంగాదాస్ ఉరికొచ్చి, "అంటుకుంటది, బంద్ చెయ్యి!" అనుకుంట కిటికీలకెల్లి తాళం చెవికి చెయ్యి చాపిండు.

పద్మలత అతని మణికట్టు పట్టుకున్నది. "చెయ్యి తియ్యి అన్నా. నా ఇంజన్. ఇరవై నిమిషాలైనంక నేనే బంద్ చేస్త."

"పిచ్చి లేసిందా నీకు?"

"లేసింది. జరుగు."

రోడ్డు మీద అలిగి నిలబడ్డ రవీందర్ లోపలికి వచ్చిండు. గంగాదాస్‌ను మెల్లగ ఎనుకకు జరిపిండు. బానెట్ కింద వంగి చూసిండు. "మంట లేదు, ఆయిలే కాలుతున్నది. ఆయిల్ ప్రెషర్ ఉన్నది, నీళ్లు మసులుతలేవు. ఇంక ఏడు నిమిషాలక్కా, కాలు తియ్యకు" అని గడియారం పట్టుకొని అక్కడ్నే నిలబడ్డడు.

మరునాడు అవ్వను, తనతోని బీడీలు చుట్టిన ముగ్గురాడోళ్లను, రవీందర్‌ను ఎక్కించుకొని సిద్దుల గుట్ట మీదికెక్కే రోడ్డు పట్టింది. నడుమ మూలమలుపుల ఎదురుంగ జీపొచ్చి అడ్డం నిలిచింది. ఎక్కుల, నిండు బండితోని ఆగాల్సొచ్చింది. ఆ ముగ్గురిల వెనుక కూసున్న రామవ్వ, "ఇగ జారుతది" అని సీటు పట్టుకున్నది. జీపు పక్కకు జరగంగనే పద్మలత క్లచ్ వదిలింది. కారు వణుకలే, జారలే. మీదికి పాకింది.

రవీందర్ గుట్ట మీద దిగి టైర్లు చూసిండు, ఇంజన్ చూసిండు. "హైవే మీద దీన్ని ఎవడైనా దాటుతడు."

"దాటనియ్యి."

అతను దుబాయి పోయేనాడు తువ్వాల్ల చుట్టిన క్యామ్‌షాఫ్ట్‌ను మళ్ల బ్యాగుల పెట్టుకున్నడు. తనది తప్పని ఒప్పుకోలే, ఆమె ఒప్పుకొమ్మని అడుగలే. బస్టాండుల దింపినప్పుడు కిటికీల తల పెట్టి, "మళ్ల ఇంజన్ ఇప్పితే ముందుగాల నాకు చెప్పు" అన్నడు.

"చెప్త. పర్మిషన్ అయితే అడుగ."

రవీందర్ నవ్విండు. ఆమె గేరేసింది, ముప్కాల్‌ల ఒకామెకు నొప్పులు మొదలైనయని అప్పటికే ఫోనొచ్చి ఉన్నది.