ఆరు గంటలకు యోహాను కోసం

పోయిన వారం మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, ఇంట్లో టీవీ పక్కనున్న నల్ల డబ్బా ముందు నన్ను కుర్చీ వేసుకుని కూర్చోమంది. వారంలో మూడు రోజులు అక్కడి ఆఫీసులోనూ, మిగతా రోజులు వరంగల్లో మా దగ్గరా ఉండే ఈ పిల్ల, అక్కడున్నప్పుడు కూడా ఇంటి కంప్యూటరును తెరిచి తన కాగితాలు చూసుకోవడానికి వీపీఎన్ అనేదొకటి పెడుతోందట. అదేమిటని అడిగితే, అందరూ నడిచే రోడ్డు మీదే మన ఇంటివాళ్లకు తప్ప ఇంకెవరికీ కనిపించని దారి వేసుకోవడం అని చెప్పింది. ఆ కొసనా ఈ కొసనా ముందే అనుకున్న మాట ఒకటి ఉండాలనీ, అక్షరం తేడా వచ్చినా తలుపు తెరుచుకోదనీ అంది. డబ్బా మీద దీపాలు నాలుగు, అందులో మూడు ఆకుపచ్చవి, ఒకటి ఎర్రది. నేను ఏ మీట తప్పు నొక్కుతానోనని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ ఊహించలేని మాట ఒకటి నన్నే చెప్పమంటే, ఆలోచించకుండానే నా నోట ఒక పేరు వచ్చింది. యోహాను.

నా వయసు వాళ్లకు ట్రంకు కాల్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఎనభైల మధ్యలో నేను ములుగులో కలప డిపోలో పనిచేసేవాణ్ణి. పదో తరగతి దాటని చదువు నాది. దుంగ చుట్టుకొలత, పొడవు చూసి ఘనపు కొలత కట్టడం పాత రిజిస్టర్లు తిరగేసి సొంతంగా నేర్చుకున్నాను, తరువాత తరువాత కాగితం లేకుండానే చెప్పేవాణ్ణి. దేన్నైనా కొలిచి, ఎన్ని రకాలుగా జరగవచ్చో రాసుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేది కాదు. నా భార్య, మా అమ్మ వరంగల్లో స్టేషనుకు దగ్గర్లోని మా వాడలో ఉండేవారు. అప్పటికే మాకు రెండు కాన్పులు నెలలు నిండకుండా పోయాయి. మూడోసారి డాక్టరమ్మ, ఈ మనిషి బస్సెక్కకూడదు, మంచం దిగకూడదు అని గట్టిగా చెప్పడంతో తనను ములుగు తీసుకురాలేకపోయాను. శనివారం సాయంత్రం ఇంటికి వెళ్లడం, సోమవారం పొద్దున్నే తిరిగి రావడం, మధ్యలో ఐదు సాయంత్రాలు ఎలా గడపాలో తెలియకపోవడం, అదీ నా పరిస్థితి.

మా ఇంట్లో ఫోను లేదు. మా సందు మొదట్లో మందుల దుకాణం ఉండేది, దాని యజమానిని వాడంతా మామ అనే పిలిచేది. మా రక్తసంబంధీకుడూ కాదు, మా చర్చి మనిషీ కాదు. నుదుట నిలువు బొట్టు, వెనక గోడకు దేవుళ్ల పటాలు, ముందు బల్ల మీద వాడకంతటికీ ఒక్కటే నల్ల ఫోను. ఆయన నన్ను అల్లుడా అనేవాడు, మా అమ్మను అక్కా అనేవాడు. ఇటు నాకు దిక్కు మా డిపో మీద అధికారి, అడవి శాఖ రేంజరు సారు బల్ల మీది ఫోను. ఆ రోజుల్లో ఎక్స్ఛేంజివాళ్లు ఊరికీ ఊరికీ కలిపే ట్రంకు కాల్ మాట్లాడటమంటే అరవడమే కదా. నా భార్య కడుపులో బిడ్డ కదిలిందా లేదా అన్న సంగతిని రోజూ అటు దుకాణం నిండా జనం, ఇటు సారు, మధ్యలో ఎక్స్ఛేంజి ఆవిడ వింటుండగా అరుచుకోవాలి. రెండుసార్లు పోగొట్టుకున్న మనిషి, వాడలో ఆడవాళ్ల జాలి మాటలు విని విని ఉన్న మనిషి, ఈసారి తన సంగతి ఎవరి నోటా వద్దని నా చేయి పట్టుకుని అడిగింది.

అందుకని నేనొక దారి కట్టాను. పేరు చెప్పి బుక్ చేసే పీపీ కాల్ మీకు గుర్తుండే ఉంటుంది. ఫలానా మనిషి ఉంటేనే లైను కలుపుతారు, లేకపోతే ఎక్కడికి పోయాడో కనుక్కుని మనకు చెప్పి పెట్టేస్తారు. సాయంత్రం ఆరింటికి నేను మామ దుకాణానికి యోహాను అనే మనిషి కోసం కాల్ బుక్ చేస్తాను. యోహాను అనేవాడు లేనే లేడు. ఆ వేళకు మా అమ్మ దుకాణం బెంచీ మీద కూర్చుని ఉంటుంది. యోహాను మా బంధువు అని మామతో ముందే చెప్పి ఉంచుతుంది. ఎక్కడికి పోయాడని మామ అడిగితే ఒక ఊరి పేరు చెబుతుంది, ఆయన అదే ఫోనులో చెబుతాడు. స్టేషన్ ఘన్‌పూర్ పోయాడంటే అంతా క్షేమం. వర్ధన్నపేట పోయాడంటే కొంచెం నలతగా ఉంది, వీలు చూసుకుని రా. ములుగు దిక్కు పోయాడంటే ఉన్న పళాన బయలుదేరు. ఈ మూడు వరసలూ కాగితం మీద గీత గీసి రాసి, ఒకటి ఇంట్లో, ఒకటి నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. నాలుగోది ఏదీ జరగడానికి వీల్లేదని రెండుసార్లు సరిచూసుకున్నాను కూడా.

మా అమ్మ మొదట ససేమిరా అంది. లేని మనిషి ఊరు పోయాడని రోజూ చెప్పడం అబద్ధం కాదా అని నిలదీసింది. చివరకు కోడలి ముఖం చూసి ఒప్పుకుంది గానీ, ప్రతి ఆదివారం చర్చిలో మోకరించి ఆ వారం ఎన్నిసార్లు చెప్పిందో అన్నిసార్లకూ క్షమాపణ అడుక్కుంటానంది. ఆ లెక్క మాత్రం నన్నే చూడమంది.

ఆ సాయంత్రాలు ఇప్పటికీ నాకు నిమిషాల లెక్కన గుర్తు. ఐదున్నరకు కాల్ బుక్ చేసి, సారు పేపరు చదువుకుంటుంటే ఎదురుగా స్టూలు మీద కూర్చుని, గోడ గడియారం పెద్ద ముల్లునే చూస్తూ ఉండేవాణ్ణి. చివరికి గంట మోగేది. మీ పార్టీ లేరండీ, స్టేషన్ ఘన్‌పూర్ వెళ్లారట, అని ఎక్స్ఛేంజి ఆవిడ చెప్పేది. నేను ముఖంలో నిరాశ తెచ్చిపెట్టుకుని, అలాగేనండీ అని ఫోను పెట్టి, బయటికి వచ్చి అప్పుడు నవ్వుకునేవాణ్ణి. లైను చచ్చిన సాయంత్రాలు మూడు వచ్చాయి. ఆ మూడు రోజులూ నాకు ముద్ద దిగలేదు.

ఒక గురువారం, వర్ధన్నపేట వెళ్లారట, అంది ఆవిడ. దొరికిన బస్సు పట్టుకుని, కిటికీలోంచి కిలోమీటరు రాళ్లు లెక్కపెడుతూ ఇంటికి చేరి చూస్తే, నా భార్య మంచం మీద ఆనుకుని కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నన్ను చూసి తనే భయపడింది. అమ్మ మాత్రం నిమ్మళంగా, "రోజూ ఘన్‌పూరే అంటే ఎవలు నమ్ముతరు బిడ్డా? ఒక్కనాడన్న వేరే ఊరు పోవద్దా వాడు?" అంది. కోపమూ నవ్వూ కలిసి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఆ రాత్రే జేబులోని కాగితం తీసి అమ్మకు మళ్లీ మొదటి నుంచి చదివి వినిపించి, తెల్లారి మొదటి బస్సుకే ములుగు వెళ్లిపోయాను.

అలా పదకొండు వారాలు గడిచాయి. పన్నెండో వారం, సోమవారం. నా భార్యకు ఏడో నెల నడుస్తోంది. ఆ సాయంత్రం గంట మోగింది, ఫోను ఎత్తాను, ఎప్పటిలాగే ఘన్‌పూర్ కోసం ఎదురుచూస్తున్నాను. ఆవిడ గొంతు కొంచెం తడబడినట్లు అనిపించింది. మీ పార్టీ లైన్లో ఉన్నారు, మాట్లాడండి, అంది.

నా కాగితంలో ఆ వరస లేదు. లేని మనిషి లైన్లోకి ఎలా వస్తాడు? రెండో చేత్తో జేబులోని కాగితం కోసం తడుముకున్నాను. ఏదో తప్పిందని మాత్రం తెలిసింది. అమ్మ బెంచీ మీద ఉండి ఉంటే ఈ మాట వచ్చేది కాదు. అమ్మ లేదంటే ఎక్కడుంది? సారు పేపరు దించి నా వంక చూశారు. అప్పుడు అటువైపు నుంచి వాడంతటికీ తెలిసిన ఆ బొంగురు గొంతు వినిపించింది.

"హలో, నేను యోహాన్ మాట్లాడుతున్న."

మామ గొంతు అది. ఆయనే మళ్లీ, ఈసారి అరవకుండా, ఫోనుకు నోరు ఆనించి అన్నాడు. "అల్లుడా, నేనే. నేను యోహాన్నంటె తప్ప లైను కలుపరు గద. మూడు గంటలకు పిల్లకు నొప్పులు లేసినయి, అక్క రిక్షాల దవాఖానకు తీస్కపోయింది. జర ఫికర్ చెయ్యకు, కానీ బస్సు కోసం మాత్రం చూడకు. ఏది దొరికితె అది ఎక్కి రా."

ఆ తరువాత నేను ఏమేమి అడిగానో నాకు గుర్తు లేదు. దాచుకోవాలన్న మాటలన్నీ ఆ గదిలోనే గట్టిగా అరిచి అడిగాను. రక్తం పోయిందా అని అడిగాను, బిడ్డ కదులుతోందా అని అడిగాను, స్పృహలో ఉందా అని అడిగాను. మూడు నిమిషాలు దాటితే మధ్యలో గొంతు వచ్చి పొడిగించాలా అని అడగడం ఎక్స్ఛేంజి ఆవిడ పద్ధతి. ఆ రోజు ఆ గొంతు రాలేదు, లైనూ తెగలేదు. నేను ఫోను పెట్టేసరికి రేంజరు సారు లేచి, కిటికీలోంచి డ్రైవరును కేకేసి, వరంగల్లో ఎలాగూ పని ఉంది, ఇతన్ని ఎక్కించుకుపో అన్నారు. ఆ రోజు ఆ జీపుకు వరంగల్లో ఏ పనీ లేదని డ్రైవరు దారిలోనే నాకు చెప్పాడు.

ఎనిమిది కొట్టక ముందే దవాఖానకు చేరాను. వరండాలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే వేళ్లతో పురిటి గది వైపు చూపించింది. ఆ గది తలుపు అద్దంలోంచి నాకు కనిపించింది దూదిలో చుట్టిన ఒక చిన్న ముఖం. నా అరచేతి కంటే పెద్దది కాదు. తల్లికి భయం లేదన్నారు, బిడ్డ సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆ తరువాతి నలభై రోజులూ సెలవు మీద అక్కడే ఉండి, పొద్దున్నే బిడ్డ బరువు తూచి, ఆ అంకెను కలప కొలతల నోటు పుస్తకంలోనే వెనక పేజీల్లో రాసుకున్నాను. ఒక రోజు పెరిగి, మరో రోజు తగ్గి, మళ్లీ పెరిగిన ఆ అంకెలు ఇప్పటికీ నాకు వరసగా గుర్తున్నాయి.

బిడ్డను ఇంటికి తెచ్చాక వచ్చిన మొదటి ఆదివారం అమ్మ నన్ను లెక్క అడిగింది. పదకొండు వారాలు, వారానికి ఐదు, యాభై ఐదు. లైను చచ్చినవి మూడు తీసేస్తే యాభై రెండు అన్నాను. అమ్మ తల అడ్డంగా ఊపి, "యాభై మూడు రాసుకో. మీ మామదొకటి ఉన్నది, ఆయినె మన చర్చికి రాడు గద, ఆయినె తరపున నేనే అడుగుత" అంది.

మామను ఎప్పుడు కనిపెట్టావని అడిగితే నవ్వేశాడు. రోజూ ఆరింటికే ములుగు నుంచే కాల్ వస్తుంటే, ఆ వేళకే మా అమ్మ వచ్చి కూర్చుంటుంటే, వారం తిరగకుండానే తెలిసిందట. తెలిసి కూడా పదకొండు వారాలు, దుకాణంలో జనం ముందు, మా అమ్మ వైపు తిరిగి, "అక్కా, మీ యోహాన్ ఏడబోయిండు?" అని కొత్తగా అడిగినట్లే అడుగుతూ వచ్చాడు. కొన్నాళ్లకు మిఠాయి పొట్లం పట్టుకుని ములుగు ఎక్స్ఛేంజికి వెళ్లాను. అంతవరకూ గొంతు తప్ప మనిషిని చూడని ఆ ఆవిడ, నేనెవరో చెప్పకముందే, నా గొంతు విని, యోహాను గారు బాగున్నారా అని అడిగింది. అమ్మాయి పుట్టిందని చెప్పాను. తెలుసు అంది.

మామ ఇప్పుడు లేడు, అమ్మా లేదు. దుకాణం ఉన్న చోట మొబైల్ ఫోన్లు బాగుచేస్తున్నారు. మా అమ్మాయి వేసిన దారిలో ఏం పోతోందో మధ్యలో ఉన్నవాళ్లెవరికీ తెలియదట, తెలుసుకోవాలన్నా వీలుకాదట. మంచిదే. కానీ నేను కట్టిన దారిలో మధ్యనున్న ప్రతి ఒక్కరికీ అన్నీ తెలుసు, తెలిసి కూడా మూసిపెట్టారు, తెరవాల్సిన రోజున తెరిచారు. అలాంటి తాళం ఇప్పుడు ఏ డబ్బాలో దొరుకుతుందో నాకు తెలియదు.

ఆ పేరు పక్కనున్న కంప్యూటరులో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టాను. ఎర్ర దీపం రెండుసార్లు మిణుకుమని ఆకుపచ్చగా మారింది. కలిసింది నాన్నా అని చెప్పి, పనుందని అమ్మాయి ఫోను పెట్టేసింది. నేను మాత్రం ఆ డబ్బా ముందు నుంచి వెంటనే లేవలేకపోయాను. యోహాను ఎక్కడికి పోయాడో ఎవరో ఒకరు చెబుతారేమోనని ఇంకాసేపు అలాగే కూర్చున్నాను.