అడిగి సూది వేసిన మనిషి

మొన్న ఆదివారం మా నర్సమ్మ గుంటూరు ఆస్పత్రిలో పోయింది. పర్చూరు పక్కన మా ఊళ్లో ముప్పై ఏళ్లు టీకాలు వేసి, రిటైరయ్యాక మా పక్కింట్లోనే ఉండిపోయింది. చర్చిలో అందరూ ఆవిడ సేవను పొగుడుతుంటే నాకు ఒళ్లు మండింది. ఎందుకో చెబుతాను.

నెలల పిల్లకైనా సరే, ముఖంలోకి చూసి "వెయ్యనా బంగారం?" అని అడిగి గానీ సూది తీసేది కాదు. కరోనా టీకాలప్పుడు మిరప కోతలు జోరుగా ఉన్నాయి. కోతల ముఠాకి కూలీ, వేళా అన్నీ మేస్త్రే మాట్లాడతాడు. ఆ అలవాటుతోనే కల్లంలో ఆడవాళ్లను వరసగా నిలబెట్టి, "మా ముఠా మొత్తానికీ నేను ఒప్పుకున్నానమ్మా, కానివ్వండి" అన్నాడు. నర్సమ్మ టీకాల డబ్బా మూసేసింది.

"కూలి సంగతి నువ్వు మాట్లాడు నాయనా. వాళ్ల ఒంటి సంగతి వాళ్లు మాట్లాడుకుంటారు."

ఒక్కొక్కరినీ అడిగింది. తిట్టింది కూడా: "వద్దంటే ఇంట్లో ముసలాళ్లకి అంటిస్తావే పిచ్చిదానా! అయినా చెయ్యి నీది, నువ్వే చెప్పు." ఆ ముఠాలోనే ఉన్న మా అమ్మ వద్దంది. నేను పుట్టాక, తర్వాతి కాన్పుకి ఆస్పత్రికి వెళ్తే, ఆమెకు చెప్పకుండానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి పంపారు. ఆ భయం పోలేదు. పై ఆఫీసరు ఫోన్లో అరుస్తున్నా, నర్సమ్మ రోజూ మా గడపలో కూర్చుని నచ్చజెప్పింది. తొమ్మిదో రోజు అమ్మే జాకెట్టు చెయ్యి పైకి మడిచింది.

బడిపంతుల్ని కదా, నాకు చిరాకేసింది. "నలుగురి మేలు కోసం ఒకరిని పట్టుకుని పొడిస్తే ఏం పోయిందండీ?" అన్నాను.

"ఆ నలుగురిలో మీ అమ్మ లేదేంట్రా? అప్పుడు ఆపరేషన్ చేసినోళ్లూ దేశం మేలనే అన్నారు."

అయినా నాకు బుద్ధి రాలేదు.

పోయిన నెల షుగరు ముదిరి ఆవిడ కాలి పుండు కుళ్లింది. నా అనేవాళ్లు లేరు, నేనే గుంటూరు తీసుకెళ్లాను. మోకాలి కింద తీసేయకపోతే ప్రాణం దక్కదని డాక్టరు వరండాలో నాకు చెప్పాడు, లోపల మెలకువగా ఉన్న మనిషికి కాదు. "పెద్దావిడ, భయపడతారు. మీరు సంతకం పెట్టేయండి." పెట్టేశాను. పుండు కడుగుతారంతే అని ఆవిడకి అబద్ధం కూడా చెప్పాను. అడిగితే ఒప్పుకునేదేమో! ఊరందరినీ అడిగిన మనిషిని అడగడానికి మాకు రెండు నిమిషాలు లేకపోయాయి. ఆ డాక్టరు మీద కోపం చల్లారలేదు. నా మీద అంతకు పదింతలుంది.

మత్తు దిగాక ఆవిడ దుప్పటి మీద తడుముకుంది. మోకాలు దాటి పరుపు తగిలేసరికి చెయ్యి అక్కడే ఆగిపోయింది. నా వైపు తిరిగింది.

"ఎవర్ని అడిగార్రా?" అంది.