గొడుగులో గబ్బిలం

మా స్కూల్లో లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవారు. చేతిలో గొడుగు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. ఆ గొడుగు తెరిచి ఉండగా కూడా ఎవరూ చూడలేదు. కుండపోతగా వాన పడుతున్నా సరే, గొడుగుని చంటిపిల్లలా చంకలో ఇరికించుకుని, తను మాత్రం తల నుంచి కాలిదాకా తడిసి, ముక్కు కొస నుంచి నీళ్ళు కారుతుండగా క్లాసులోకి వచ్చి, నిన్న ఎక్కడ ఆపాం అని అడిగేవారు. పిల్లలు ఆయనకి గొడుగు మాస్టారని పేరు పెట్టారు.

నేను ఆ స్కూల్లో ముప్పై నాలుగేళ్ళు ఆయాగా చేశాను. గంట కొట్టడం, గదులు తుడవడం, నోటీసు బోర్డుకి కాగితాలు గుచ్చడం నా పని. చదివింది మూడో తరగతి. అయినా నా నడుముకున్న ఇరవై ఆరు తాళంచెవుల్లో ఏది ఏ గదిదో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. అన్నేళ్ళలో ఒక్కటి కూడా పోగొట్టలేదు. పెద్ద చదువులు చదివినవాళ్ళు రోజూ నా దగ్గరికొచ్చి కళ్ళజోడు ఎక్కడ పెట్టామో చూశావా ఆయమ్మా అని అడిగేవారు. ఇది గొప్పకి చెప్పడం లేదు, ముందు ముందు అవసరం పడుతుందని చెబుతున్నాను.

ఒక వానాకాలం పొద్దున నేను వరండా తుడిచి అద్దంలా పెట్టాను. మాస్టారు నీళ్ళోడుకుంటూ వచ్చి దాని మీద నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాలుగారు ఎదురొచ్చారు. ప్రిన్సిపాలుగారంటే మామూలు మనిషి కాదు. నూట పన్నెండు రూల్సు సొంతంగా రాసి, అట్టలేయించి, ఆఫీసు గోడకి గొలుసుతో వేలాడదీసిన మనిషి. చేతిలో గొడుగు పెట్టుకుని ఈ తడవడమేమిటి, వరండా చెరువు చేయడమేమిటి అని నిలేశారు.

"పదిహేడో రూలు ప్రకారమే నడుచుకున్నాను సార్," అన్నారు మాస్టారు.

ప్రిన్సిపాలుగారు గొలుసు పొడుగున్నంత మేరా పుస్తకాన్ని గుమ్మంలోకి లాక్కొచ్చి పైకి చదివారు. 'వానాకాలంలో ఉపాధ్యాయులు విధిగా గొడుగు తెచ్చుకోవలెను.'

"తెచ్చుకున్నాను. తెరవవలెను అని ఎక్కడుందో చూపించండి, ఈ నిమిషమే తెరుస్తాను."

ఆయన ముందు పేజీ వెతికారు, వెనక పేజీ వెతికారు, అట్ట లోపలి వైపు కూడా వెతికారు. ఈలోగా టైమైందని నేను వెళ్ళి గంట కొట్టేశాను. ఆ రోజు వరండా రెండుసార్లు తుడిచాను. ప్రిన్సిపాలుగారి నోరు అలా మూతపడుతుందంటే పదిసార్లయినా తుడుస్తాను.

గొడుగు ఎందుకు తెరవరని అడగనివాళ్ళు లేరు. నేనడిగితే ఆయన చెప్పే జవాబు ఒక్కటే: "ఖాళీ లేదమ్మా." గొడుగు తెరవడానికి కూడా తీరిక లేనంత రాచకార్యాలు ఏమున్నాయా అని నేను నవ్వుకునేదాన్ని. వాళ్ళావిడ ఓసారి స్కూలుకొచ్చినప్పుడు నా దగ్గర వాపోయింది. ఇంట్లో కూడా ఆరబెట్టనివ్వరట. మంచం పక్కన నిలబెట్టుకుని పడుకుంటారట. నాకు జ్వరమొస్తే ఇంత చూసుకోలేదు ఆయమ్మా అంది పాపం. పిల్లలకి మాత్రం వేరే జవాబు ఉండేది. ఇందులో గబ్బిలం నిద్రపోతోంది, తెరిస్తే లేస్తుంది అనేవారు. దాంతో పొద్దున్నే గుడ్ మార్నింగ్‌కి బదులు, గబ్బిలం బాగుందా సార్ అని అడగడం అలవాటైపోయింది. నిద్రలో ఉంది, మీరూ అరవకండి అనేవారు ఆయన.

ఇక మా స్కూలు సంగతి. ఊళ్ళో ప్రతి స్కూల్లోనూ ఫస్టు వచ్చినవాళ్ళందరికీ పరీక్ష పెట్టి, అందులోంచి నలభై మందిని వడగట్టి తీసుకునేవారు. నలభై మంది ఫస్టుల్ని తెచ్చి ఒక గదిలో కూర్చోబెడితే ఏమవుతుంది? ఒక్కరు ఫస్టవుతారు. మిగతా ముప్పై తొమ్మిది మంది ఏమవుతారో ఎవరూ కూడి చూడలేదు. నాకు లెక్కలు రావు గానీ ఈ లెక్క మాత్రం మొదటి ఏడాదే వచ్చేసింది.

నెలకో పరీక్ష. పరీక్ష కాగానే ర్యాంకుల జాబితా. లెక్కల మాస్టారు మార్కులు కూడి చేత్తో రాస్తే, ప్రిన్సిపాలుగారు ఆకుపచ్చ సిరాతో సంతకం పెడితే, నేను బోర్డుకి గుచ్చాలి. ఆ వెంటనే పిల్లలు సంచులు తీసుకుని ర్యాంకు ప్రకారం బెంచీలు మారాలి. బాగా చదివినవాళ్ళు బోర్డు ముందు. ఆఖరి నలుగురు పదో బెంచీ, చీపుళ్ళ గది గోడ పక్కన. ఆ నడిచే పది అడుగులకి కొందరి మొహం చూస్తే, వాళ్ళ సంచిలో పుస్తకాలున్నాయా బండరాళ్ళున్నాయా అనిపించేది.

వింతేమిటంటే, నాలుగైదు నెలలకోసారి ఆ జాబితా మాయమైపోయేది. బోర్డు మీద నుంచి పోయేది, ఆఫీసు బల్ల మీద నుంచి పోయేది, ఓసారి బీరువాలోంచే పోయింది. ప్రిన్సిపాలుగారు గాలిని అనుమానించి కిటికీలకి మేకులు కొట్టించారు. తర్వాత ఎలుకల్ని అనుమానించి బోను పెట్టించారు. అందులో పడింది ఆయన బొటనవేలు. పోనీ ఇంకోటి రాయించుకుందామంటే, ఒక పరీక్షకి ఒకే జాబితా, ఒకే సంతకం అని రాసుకున్నది ఆయనే. జాబితా లేని నెల పిల్లల్ని క్లాసు టీచరు తన ఇష్టప్రకారం కూర్చోబెట్టాలని ఇంకో రూలు. క్లాసు టీచరు ఎవరు? గొడుగు మాస్టారే.

ఆ రోజు చూడాలి సంబరం. ఆయన గొడుగు కొసతో ఒక్కొక్కరినీ చూపించి, గబ్బిలం చెప్పిందంటూ కూర్చోబెట్టేవారు. ఒక నెల నిన్న కల వచ్చినవాళ్ళంతా ముందు బెంచీలు. ఒక నెల చెవులు కదిలించగలిగినవాళ్ళు. చెవుల నెలలో క్లాసు క్లాసంతా మొహాలు పగిలిపోయేలా చెవులు కదిలించడానికి తంటాలు పడుతుంటే, గుమ్మంలో చీపురు పట్టుకుని నేనూ ప్రయత్నించాను. కదల్లేదు.

ఇలా ఉండగా మా మనవరాలికి ఆ స్కూల్లో సీటొచ్చింది. నా కూతురి కూతురు. ఒకటో తరగతి నుంచీ పాత స్కూల్లో ఎప్పుడూ మొదటి ర్యాంకే కాబట్టి ఇంట్లో దాని పేరే ఫస్టు అయిపోయింది. ఫస్టూ, అన్నానికి రా. ఫస్టూ, తలుపేసి రా. నేను నేలమీద నడిచానా? కూరగాయలవాడికి చెప్పాను, కుట్టుపనావిడకి చెప్పాను, అడగనివాళ్ళకి ఆపి మరీ చెప్పాను.

మొదటి నెల దానికి ముప్పై ఒకటో ర్యాంకు. రెండో నెల ముప్పై ఆరు. బెంచీ వెనక్కి జరిగిన కొద్దీ మార్కులు కిందికి జారాయి. మధ్యాహ్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తెచ్చేది. ఫస్టూ అని పిలిస్తే పలకడం మానేసింది. నేను ఊరుకున్నానా, మన ఇంటావంటా లేదే ఈ వెనకబడటం అని రోజూ దెప్పాను. మూడో నెల పరీక్షయ్యాక ఒకరోజు నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"అమ్మమ్మా, ఈసారి పదో బెంచీ అయితే నేను ఇక స్కూలుకి రాను. కొట్టినా రాను."

ఆ పిల్ల అన్నదంటే అన్నదే. ఆ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో నన్నడగకండి.

సోమవారం పొద్దున ప్రిన్సిపాలుగారు జాబితా నా చేతికిచ్చారు. బయట వాన. బోర్డు ముందు నిలబడి, నాలుగు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టి కింద నుంచి చదివాను. మిగతా పేర్లు కూడబలుక్కోవాలి గానీ మా పిల్ల పేరు చూడగానే వచ్చేస్తుంది. అన్నిటికన్నా కిందనుంది. నలభై.

ఇరవై ఆరు తాళంచెవుల్లో ఒక్కటి పోగొట్టని దాన్ని. ఈ ఒక్క కాగితం పోతే బాగుండునని జన్మలో మొదటిసారి అనిపించింది. చేతులు మాత్రం ఒప్పుకోలేదు. పోగొట్టడం కూడా వచ్చి ఉండాలి మరి.

అంతలో మాస్టారు నీళ్ళోడుకుంటూ వచ్చారు. నోటినిండా సూదులతో నేనేం మాట్లాడగలను? ఆయన నా మొహం చూశారు, కాగితం చూశారు. ఓసారి ఇలా ఇవ్వండి, గంట కొట్టే టైమైనట్టుంది అన్నారు. నేను తల తిప్పి గడియారం చూసి మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆయన చేతిలో గొడుగు తప్ప ఏమీ లేదు.

సూదులు తీసి, జాబితా ఏది మాస్టారూ అన్నాను. భద్రంగా ఉందమ్మా అన్నారు.

పావుగంటలో ప్రిన్సిపాలుగారి రంకెలు మొదలయ్యాయి. జాబితా ఎక్కడని నన్ను గద్దించారు. నేను నోరు తెరిచేలోగా మాస్టారు అడ్డొచ్చి, ఆవిడనేమీ అనకండి, నేనే తీసుకున్నాను అన్నారు.

"తీసుకుని ఏం చేశారు?"

"నలభై ఒకటో రూలు, సార్."

మళ్ళీ గొలుసు, మళ్ళీ పుస్తకం. 'ర్యాంకుల జాబితాను ఎండా వానా తగలని చోట భద్రపరచవలెను.'

"భద్రపరిచాను. ఎక్కడ భద్రపరిచారో చెప్పవలెను అని ఉంటే చూపించండి, చెబుతాను."

ప్రిన్సిపాలుగారి మొహం ఆయన సిరా రంగుకి తిరిగింది. మాస్టారి జేబులు తిప్పించి చూశారు. ఒక సుద్దముక్క, ఒక గుండీ, గుక్కెడు వాననీళ్ళు వచ్చాయి. అయితే స్టాఫు రూము బీరువాలన్నీ వెతుకుదాం రమ్మని చెయ్యి పట్టుకుని లాక్కెళుతుంటే, మాస్టారు గొడుగు నా చేతిలో పెట్టి వెళ్ళారు. ఆ గొడుగు ఇంకొకరి చేతిలో ఉండగా లోకం చూడటం అదే మొదలు.

గొడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి, అప్పుడే తుడిచిన నా నేల మీద. నా సంగతి మీకు తెలుసు కదా. ఆరబెడదామని తెరిచాను.

గబ్బిలం లేదు. కాగితాలు. కూడికలు, పేర్లు, ఆకుపచ్చ సంతకాలు, పంతొమ్మిది జాబితాలు నా నెత్తి మీద నుంచి నేల దాకా రాలాయి. ఒక్కటీ తడవలేదు. 'ఖాళీ లేదమ్మా' అని ఆయన ఇన్నాళ్ళూ చెప్పింది తన సంగతి కాదు, గొడుగు ఖాళీగా లేదని.

ప్రతి కాగితం వెనకా పెన్సిలుతో ఒక్క ముక్క రాసుంది. ప్రిన్సిపాలుగారు సంతకం పెట్టే వైపు తప్ప రెండో వైపు చూసే మనిషి కాదులెండి. కూడబలుక్కుని చదివాను. 'తమ్ముడికి జబ్బు. ఈ నెల నిద్ర లేదు.' 'ఇల్లు మారారు. రెండు బస్సులు.' 'వాళ్ళ నాన్న కొడతాడు. జాబితా ఇంటికి వెళ్ళకూడదు.' ఇవాళ్టి కాగితం తిప్పాను. 'బోర్డు కనబడటం లేదు. మూడుని ఎనిమిదిగా ఎక్కించుకుంటోంది. ఎనిమిదికి చేసిన లెక్క కరెక్టే. ముందు బెంచీ.'

అన్నీ ఏరి, మళ్ళీ గొడుగులో కుక్కి, తాడు కట్టేసరికి నాకు చెమటలు పట్టాయి. మాస్టారు ఖాళీ చేతులతో తిరిగొచ్చి గొడుగు అందుకుని, తాడు ముడి వైపు చూశారు.

"లేచిందా?" అన్నారు.

"లేచింది. మా పిల్లకి కళ్ళు కనబడటం లేదని చెప్పింది," అన్నాను. "నాకు ముందే చెప్పొచ్చు కదా మాస్టారూ?"

"పోయిన వారమే కళ్ళజోడు పెట్టించుకోమని చెప్పానమ్మా. మా ఇంటావంటా కళ్ళజోడు లేదు సార్, అమ్మమ్మ ఒప్పుకోదు అంది."

సూదులు ఇంకా నోట్లో ఉండుంటే మింగేసేదాన్నే.

ఆ రోజు గబ్బిలం ముందు బెంచీలో కూర్చోబెట్టింది పేరులో సున్నా ఉన్నవాళ్ళని. మా పిల్ల పేరులో సున్నా లేదు. సున్నా లాంటి బొట్టు ఉంది, చాలు అన్నారు మాస్టారు. క్లాసంతా గొల్లుమంది, మా పిల్లతో సహా. ఆ నవ్వు విని మూడు నెలలైంది. నేను గంట కొట్టడం మర్చిపోయాను. ఆ వారమే కళ్ళజోడు కొట్టుకి వెళ్ళాం. కొట్టతను ఊరుకోక నాక్కూడా పరీక్ష చేసి, మీకింకా ఎక్కువ పవరు కావాలి పెద్దమ్మా అన్నాడు. ఇద్దరం కళ్ళజోళ్ళతో బయటికొచ్చాం. అమ్మమ్మా, నువ్వు గుడ్లగూబలా ఉన్నావంది. దాని మొహం కూడా అలాగే ఉంది గానీ నేననలేదు.

తర్వాత దానికి ఇరవై రెండు వచ్చింది, ఆ తర్వాత పదకొండు. మళ్ళీ ఫస్టు మాత్రం ఎప్పుడూ రాలేదు. ఇంట్లో మేం దాన్ని దాని పేరుతోనే పిలవడం మొదలుపెట్టాం. పలకడం మొదలుపెట్టింది.

మాస్టారు రిటైరైన రోజున కూడా వానే. ప్రిన్సిపాలుగారు దండ వేసి, ఇంత క్రమశిక్షణ గల మనిషిని చూడలేదని, నూట పన్నెండు రూల్సూ నోటికి వచ్చినవాడు ఈయనొక్కరేనని మెచ్చుకున్నారు. మాస్టారు వినయంగా తలొంచుకున్నారు. అందరూ వెళ్ళాక గేటు దగ్గరికొచ్చి గొడుగు నాకిచ్చారు.

"ఇందులో ఇంకా చోటుంది ఆయమ్మగారూ. అవసరమైన నెల గబ్బిలానికి మేత పెడుతుండండి."

నేను తాళాల గుత్తి చూపించాను. ముప్పై ఏళ్ళకి పైగా ఒక్కటి పోగొట్టని దాన్ని పట్టుకుని కాగితాలు పోగొట్టమంటారేమిటని దెబ్బలాడాను. అయినా మూడో తరగతి చదివినదాన్ని, ఏ నెల అవసరమో నాకెలా తెలుస్తుందన్నాను.

"ఏ పిల్ల డబ్బా మూత తీయకుండా ఇంటికి పట్టుకెళుతోందో మీకు తెలిసినట్టు ఇక్కడెవరికి తెలుసు?" అన్నారు.

వానలోకి రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగారు. అప్పటికే ముక్కు కొసన నీళ్ళు.

"ఎవరైనా అడిగితే అబద్ధం మాత్రం ఆడకండి. భద్రంగా ఉందనండి, చాలు. ఎంత వానొచ్చినా తెరవకండి."