మూడోసారి అననివ్వని మావయ్య

బుధవారం పొద్దున మా కొట్టు పక్క ఎస్టీడీ బూత్‌కి ఫోనొచ్చింది. బందరు చేపల రేవులో వేలం వేసే మావయ్య పోయాడట. వేలం ముగించి ఇంటికొచ్చి, చద్దన్నం తిని, నడుం వాల్చినవాడు మళ్లీ లేవలేదు. ఆయన నాకు చుట్టం కాదు. పేరు కూడా రాయను. తాగుడు మానుకునే మా కూటమిలో ఎవరి సంగతీ బయటపెట్టకూడదన్నది నియమం. దాన్ని ఒక్కరోజు కూడా పాటించలేకపోయినవాడు ఆయనొక్కడే. పడవ ఇంజన్ల మోతలో అరిచి అరిచి ఆయనకి గుసగుస చేతకాకుండా పోయింది.

గూడూరులో నాది టైలరు కొట్టు. ఏడేళ్ల కిందట, ఒక పెళ్లికూతురి జాకెట్టుకి రెండూ ఎడమ చేతులే కుట్టాను. ఆ రోజే మా ఆవిడ పాపని తీసుకుని గుడివాడ పుట్టింటికి వెళ్లిపోయింది. "మీ చేతులు మీ మాట విన్న రోజున కబురు పెట్టండి" అంది.

బందరు బస్టాండు గోడ మీద ఒక కాగితం చూశాను. తాగుడు మానాలనుకునేవాళ్లు బుధవారం సాయంత్రం ఆరింటికి చర్చి వెనక గదికి రావచ్చని ఉంది. ధైర్యం కోసం రెండు పెగ్గులు వేసుకుని వెళ్లాను. చర్చి వెనక గదులు రెండున్నాయని ఆ కాగితంలో రాయలేదు. మొదటి గదిలో పదిమంది కనబడితే, "అయ్యా, నేను తాగుబోతునండీ" అని చెప్పేశాను. వాళ్లు ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి చేతిలో పాటల పుస్తకం పెట్టారు. క్రిస్మస్ పాటలు నేర్చుకుంటున్నారట. వైద్యం ఇలాగే ఉంటుంది కాబోలనుకుని అరగంట పాడాను. కుర్చీ కోసం అటొచ్చిన మావయ్య నా వాసన పట్టేశాడు.

"ఏవండీ, ఈ సరుకు మాదండీ! దారి తప్పి ఇటొచ్చింది!" అని రెక్క పట్టుకుని పక్క గదికి లాక్కుపోయాడు. "ఇక్కడంతా గుట్టేరా అల్లుడూ" అని ఆయన ఇచ్చిన హామీ ఆ పాటలవాళ్లందరికీ వినబడింది.

మీటింగు చివర ఆయన ఉత్తుత్తి వేలం వేసేవాడు, సరుకు మేమే. రేవులో మూడోసారి అంటే సరుకు చెయ్యి మారిపోయినట్టే. "తాగాలనిపిస్తే ఒకటోసారిరా. కొట్టు దాకా నడిస్తే రెండోసారి. అప్పటికింకా నువ్వు నీ చేతిలోనే ఉన్నావు. మూడోసారి మాత్రం అనమాక." అందుకే ఆయన రెండు పిలుపులు పిలిచి ఆగేవాడు. మేమంతా అక్కడితో లేచి టీ తాగేవాళ్లం. మీరెప్పుడైనా అన్నారా అని ఎవరో ఒకసారి అడిగారు. ఆయన గొంతు చిన్నదవడం ఆ రోజే విన్నాను. "తాగుడు కోసం నా పడవని నేనే వేలం వేసుకున్నా. మూడోసారి అంది ఈ నోరే."

మందు మానేసిన మూడో నెలలో పాప పుట్టినరోజుకని గుడివాడ వెళితే మా మావగారు గుమ్మంలోంచే పంపేశారు. తిన్నగా బందరు వచ్చి వైన్ షాపు ముందు నిలబడ్డాను. ఏమనిపించిందో, అక్కణ్ణించి రేవుకి పరిగెత్తాను. వంజరం చేపల వేలం జోరుగా సాగుతోంది. రెండోసారి అన్న మావయ్య నా మొహం చూసి ఆగిపోయాడు. తట్ట బోర్లించి నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"మూడోసారి అనవయ్యా బాబూ, ఐసు కరిగిపోతోంది!" అని కొనేవాళ్లు గోల.

"ఆగండెహె! ఇక్కడ ఇంకో సరుకు పోయేలా ఉంది!"

నా టీ అయ్యేదాకా, పావుగంట సేపు, బందరు రేవులో వేలం ఆగిపోయింది.

తర్వాత కొన్నాళ్లకి గుడివాడ బస్సులో మావయ్య ముందు తలుపు దగ్గర్నించి వెనక సీట్లో ఉన్న నాకు వినబడేలా అరిచాడు. "అల్లుడూ! తొంభై రోజులు! ఒక్క చుక్క లేదు!" సిగ్గుతో చచ్చాననుకోండి. ఆ బస్సులో మా అత్తగారి పక్కింటావిడ ఉంది. వారం తిరక్కుండా మా ఆవిడ పాపతో, ఒక జాకెట్టు ముక్కతో దిగింది. "ముందిది కుట్టండి, చూస్తాను" అంది. రెండు చేతులూ సరిగ్గా వచ్చాయి. ఆ గొంతే లేకపోతే నాకు ఇల్లు లేదు.

ఆ సాయంత్రమే దహనం అయ్యాక, దాచడమెందుకు, నా కాళ్లు వైన్ షాపుకే వెళ్లాయి. వెనకనించి కేక వినబడుతుందేమోనని నిలబడ్డాను. వినబడలేదు. ఆరు కావస్తోంది. గదికి వెళ్లాను.

ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. చివర వేలం నన్ను వెయ్యమన్నారు. ఒకటోసారి అన్నాను. రెండోసారి అని, ఆయనలాగే ఆగాను. అందరం తలలు దించుకున్నాం.

"మూడోసారి!" అని గుమ్మం దగ్గర్నించి ఎవరో అందించారు.

ఎవరో కొత్త మనిషి. నాకు మాట అందక ఆగాననుకుని సాయం చేశాడు పాపం. మావయ్య ఇక మా చేతిలో లేడని పొద్దుట్నించీ మాలో ఎవరూ అనలేకపోయిన మాట అది. ముందు ఏడ్చాం. తర్వాత అతని చేతిలోని పాటల పుస్తకం చూసి పగలబడి నవ్వాం.

"ఇక్కడ ఆ మాట అనకూడదు తమ్ముడూ" అని రెక్క పట్టుకుని తీసుకొచ్చాను. గదిలో ఖాళీ కుర్చీ మావయ్యదొక్కటే ఉంది. దుమ్ము దులిపి కూర్చోబెట్టాను.