నేను కలిపిన ఒక్క వాక్యం

నా చిన్నప్పుడు, పదకొండో ఏడు నడుస్తుండగా, ఒక తుపానుకి కొల్లేరు పొంగి గుండుగొలనులో మా పల్లపు చేలన్నీ మునిగిపోయాయి. ఆ రోజుల్లో నేను చేసిన పని మా పిల్లలకి కూడా ఇంతవరకూ చెప్పలేదు. చెప్పుకునేంత గొప్ప పనైతే కదా!

పొట్టకొచ్చిన వరి నీళ్ళపాలై ఊరంతా దిగులుగా ఉన్నప్పుడు ఏలూరు నుంచి ఒక అన్నయ్య దిగాడు. ఏదో సంఘం అన్నాడు. మా వీధి పిల్లల్ని పోగేసి, చేతులకి పసుపు గుడ్డలు కట్టి, ఇకనుంచి మనదంతా ఒక్క రక్తం అన్నాడు. చేలు మునిగింది వానకి కాదట. కొల్లేటి లంక ఊళ్ళవాళ్ళు చేపల కోసం గట్లు తెగ్గొట్టి మన నోటి దగ్గర కూడు లాక్కున్నారట. రోజూ అదే మాట. నాలుగో రోజుకి అసలు వాన పడిందన్న సంగతే మర్చిపోయాను.

అదంతా కాగితం మీద రాసి, అందినవారు పదకొండు కాపీలు రాసి పంచాలని, మానితే ఇంటికి అరిష్టమని కింద చేర్చాడు. అప్పట్లో దేవుడి పేరిట అలాంటి ఉత్తరాలు తిరిగేవి, ఎవరూ కాదనేవారు కాదు. ఆ భయాన్నే వాడుకున్నాడు. ముగ్గురు అన్నల తర్వాత పుట్టిన నన్ను ఇంట్లో మెచ్చుకున్నవాళ్ళు లేరు. అతను అందరి ముందూ మన చెల్లాయివి ముత్యాల్లాంటి అక్షరాలు అనేసరికి పొంగిపోయాను.

కాపీ రాసేవాళ్ళు తాము చూసిన సాక్ష్యం కూడా ఒకటి కలపాలన్నాడు. నేనేం చూశాను, నా మొహం! చూడలేదంటే పసుపు గుడ్డ విప్పేస్తారేమోనని భయం. మా వీధికి చేపలు తెచ్చే మామ్మ పార పట్టుకుని గట్టు మీద ఉండగా చూశానని రాశాను. ఆమె తప్ప నాకు తెలిసిన లంక మనిషి ఇంకెవరూ లేరు మరి.

మర్నాడు అందర్నీ కూర్చోబెట్టి ఆ వాక్యం చదివాడు. అందరూ మండిపడ్డారు. నేనూ అరిచాను. నేను కల్పించిన అబద్ధానికి నాకే ఒళ్ళు మండింది. దాన్ని ఏమంటారో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ వారమే మామ్మని వీధి మొదట్లో ఆపి, కాగితంలో నీ బండారం బయటపడిందంటూ తట్ట బోర్లించేశారు. బురదలో చేపలు ఏరుకుంటూ, నేనేం తప్పు చేశానండీ అని ఒక్కొక్కరినీ అడిగింది. నేను అరుగు మీదే ఉన్నాను.

మా నాయనమ్మకి చదువు రాదు. కానీ తన ఉత్తరాలన్నీ నా చేతే రాయించుకునేది కాబట్టి నా రాత ఎక్కడున్నా గుర్తుపట్టేది. వీధిలో తిరుగుతున్న ఆ కాగితం చూసి తిట్టలేదు, కొట్టలేదు. పొద్దున్నే నాకు జడ వేసి, దోనె మీద కొల్లేట్లోకి, మామ్మ ఊరికి తీసుకెళ్ళింది. ఆ ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు. పొయ్యి మంచమెక్కింది. గట్టు తెగ్గొట్టి తమ కొంప తామే ముంచుకునేవాళ్ళు ఉంటారా అని నాకు అప్పుడు తట్టింది. నాయనమ్మ కొంగులోంచి కాగితం తీసి మామ్మకిచ్చి, మా మనవరాలు చదువుతుంది విను, అంది.

"నా గురించి ఏదో రాశారంటున్నారండి. కాస్త చదివి పెట్టండి పాపగారూ," అంది మామ్మ.

కాగితం అందుకుని నా వాక్యం దాకా వెళ్ళి ఆగాను. చివరికి, ఇందులో నీ సంగతే లేదు మామ్మా, అన్నాను. మళ్ళీ అబద్ధమే.

ఆమె మొహం విప్పారింది. "నాకు తెలుసండి, మీ వీధోళ్ళు అలాంటోళ్ళు కాదండి. అక్షరాలెంత పొందిగ్గా ఉన్నాయో! ఇది నా దగ్గరే ఉంచుకుంటానండి. ఎవరన్నా అడిగితే చూపిత్తాను," అని మడతపెట్టి చూరులో దోపుకుంది.

నాయనమ్మ నా వైపే చూస్తోంది. అప్పుడైనా నోరు విప్పుతానని కాబోలు. నేను తల దించుకున్నాను.

తిరుగు దారిలో ఒక్కటే అంది. "ఎన్ని ఇళ్ళకి ఇచ్చావో అన్ని ఇళ్ళకీ వెళ్ళి, అది నేనే కల్పించానని చెప్పిరా."

వెళ్ళాను. ఏడుస్తూ చెప్పాను. పక్కింటి అక్క నన్ను దగ్గరకి తీసుకుని, నిన్నెవరో బెదిరించి చెప్పిస్తున్నారే అంది. ఇంకో ఇంట్లో పెద్దాయన, నిప్పు లేందే పొగ రాదమ్మా అన్నారు. నిప్పు పెట్టినదాన్ని ఎదురుగా నిలబడి మొత్తుకుంటుంటే! పంట పోయిన దిగులు ఎవరికి వారు మోయాలి, కోపమైతే అందరూ కలిసి పడొచ్చు. దాన్ని వదులుకోవడం వాళ్ళకి ఇష్టం లేకపోయింది. ఎండాకాలానికి ఆ అన్నయ్య ఇంకో ఊరు వెళ్ళిపోయాడు. మామ్మ మాత్రం మా వీధికి మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నా ఫోన్‌కి వారానికొకటి వస్తుంది, మనవాళ్ళైతే పదకొండు మందికి పంపండి అని. పంపను. అందులో ఎవరి మీద రాశారో ఆ మనిషి ఎదురుగా కూర్చుని చదివి పెట్టమంటే నాకు నోరొస్తుందా అని చూసుకుంటాను. రాదు. అప్పుడు ఆ చూరు గుర్తొస్తుంది. తన తప్పేమీ లేదని రుజువు చేసుకోవడానికి మామ్మ ఆ కాగితాన్ని చదువొచ్చిన వాళ్ళెవరికైనా చూపించిందేమో, నాకు తెలియదు.