చూసినవాళ్ల కంటే మెచ్చినవాళ్లు ఎక్కువ

మా గల్లీలో బతుకమ్మ ఆడేటప్పుడు పాట ఎత్తుకునేది మా అమ్మే. గొంతుకు ఆపరేషన్ అయ్యాక, కిందటేడు మాత్రం పక్కన నిలబడి చప్పట్లు కొట్టి వచ్చేసింది. "నా గొంతు రేకు గీకినట్లున్నది, ఎవరింటరే" అంది. ఈసారి ఎలాగైనా ఆమెతో పాడించాలని నా పట్టుదల. వంటింట్లో పాడుకుంటుంటే ఫోన్‌లో తీసి, ఆమెను అడిగాకే, వీడియోల సైట్‌లో పెట్టాను. నలుగురు మెచ్చుకుంటే ధైర్యం వస్తుందనుకున్నాను.

తెల్లారి చూస్తే, చూసినవాళ్లు నలభై మూడు, లైకులు అరవై ఒకటి. సంబరంగా అమ్మకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండు అంకెలూ చదివింది.

"సూడకుండనే మంచిగున్నదని ఎట్లన్నరే?"

చూసినవాళ్ల లెక్క ఆలస్యంగా మారుతుందేమో అన్నాను. భివండిలో ఉన్న చెల్లిని అడిగితే, తన ఫోన్‌లో చూసినవాళ్లు ముప్పై ఎనిమిదే అంది. ఒకే వీడియోకు రెండు లెక్కలేమిటో! సాయంత్రానికి లైకులు యాభై రెండుకు పడిపోయాయి.

"తొమ్మిది మంది మాట మార్చిన్రా? మళ్ల ఇని చూసిన్రేమో" అంటూ అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఫోన్ మీదో, అమ్మ మీదో, ఇదంతా మొదలుపెట్టిన నా మీదో తెలియలేదు.

"నిజం చెప్పు బిడ్డా, గా నలభై మూడుల నీయి ఎన్ని?"

అంకె మారిందా అని పెట్టినప్పటి నుంచీ తెరిచి చూస్తూనే ఉన్నాను. నావి లెక్కలోకి వస్తాయో రావో తెలియదు. వస్తే, బయటివాళ్లు ఎందరున్నట్టు? ఆమెను మోసం చేశానో లేదో నాకే అర్థం కాలేదు. "యాదికి లేదమ్మా" అన్నాను.

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు అమ్మ రాదనుకున్నాను. వచ్చింది. ఎవరూ అడగకముందే పాట ఎత్తుకుంది. మొదటి చరణంలోనే గొంతు జీరబోయింది. అంతలో ఆడవాళ్లంతా ఉయ్యాలో అని అందుకున్నారు. ఆమె రెండో చరణంలోకి వెళ్లింది.

ఇంటికొచ్చి మంచినీళ్లు తాగి, నన్ను పిలిచింది.

"అందరి గొంతులు ఇనవడ్డయి. నీదొక్కటే ఇనవడలె. ఏడికి వోయినవ్?"

ఎక్కడికీ పోలేదు. ఆమెకు ఎదురుగానే ఉన్నాను, పాట మధ్యలో నా గొంతు పడకూడదని నోరు మూసుకుని, వీడియో తీస్తూ.