కబురు రాని వారం

నా చిన్నప్పుడు మా నాన్న లారీ తోలేవాడు. పాలకొల్లు చుట్టుపక్కల తోటల్లో దింపిన కొబ్బరికాయలను గుజరాత్ దాకా తీసుకెళ్లేవాడు. సరుకు దించగానే మా వీధి చివరనున్న ఎస్టీడీ బూతుకి ఫోన్ చేసేవాడు. బూతు నడిపే బాబాయి సైకిలెక్కి వచ్చి, మా గుమ్మంలో నిలబడి, "అన్నయ్య క్షేమంగా చేరాడంట వదినా" అని చెప్పి వెళ్లేవాడు. ఆ మాట విన్నాకే అమ్మకి అన్నం సహించేది.

ఆ ఏడాది నేను నాలుగో తరగతి. రిపబ్లిక్ డే నాడు బళ్లో జెండా ఎగరేశాక పంచిపెట్టిన బిళ్లలు చప్పరిస్తూ ఇంటికొచ్చాను. మధ్యాహ్నమయ్యేసరికి పక్కింట్లో టీవీ ముందు జనం మూగారు. గుజరాత్‌లో భూకంపం. మేడలకు మేడలే కూలిపోయి రాళ్లగుట్టలై ఉన్నాయి. అమ్మ లోపలికి వెళ్లకుండా కిటికీ ఊచలు పట్టుకుని చూస్తోంది. నాన్న బయల్దేరి అప్పటికి అయిదు రోజులు.

మాకు తెలిసినవి తుఫాన్లు, వరదలు. అవి వచ్చేముందు రేడియోలో చెబుతారు, దండోరా వేస్తారు, కాస్త సర్దుకునే టైముంటుంది. ఇది చెప్పకుండా వస్తుందని విన్నాక నాకు నేలమీద కాలు పెట్టాలంటేనే భయమేసేది. వంటింట్లో బిందెలో నీళ్లు కదులుతున్నాయేమోనని మాటిమాటికీ వెళ్లి చూసేదాన్ని. నేను తొంగి చూస్తే నా ఊపిరికే నీళ్లు కదిలేవి.

అమ్మ పొద్దున్నే పొయ్యి పని ముగించుకుని బూతు దగ్గరికెళ్లి కూర్చునేది. బాబాయి రిసీవరెత్తి, మోత వస్తోందో లేదో విని, మళ్లీ పెట్టేసేవాడు. కొబ్బరికాయల షావుకారు గారు కూడా గుజరాత్‌కి ఫోన్ చేస్తూనే ఉన్నారట, కలవడం లేదట. వీధిలో వాళ్లంతా "ఏం కాదులేమ్మా" అనేవాళ్లు. అలా అన్నవాళ్లలో ఒక్కరూ నా మొహంలోకి చూడలేదు.

సోమవారం బడికెళ్లాను. నా పక్కన కూర్చునే పిల్ల, పాపం తెలియక, "అక్కడ అందరూ చచ్చిపోయారంట కదే" అంది. నేను బావురుమన్నాను. మా మాస్టారు హాజరు పట్టీ మూసేశారు. ఆయన పాలకొల్లు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు, రిటైరవడానికి దగ్గరపడ్డ మనిషి. ఆయన కూడా "ఏం కాదు" అంటారనుకున్నాను. ఆ మాట అనలేదు. మమ్మల్నందర్నీ బయట ఎండలోకి తీసుకెళ్లి వరసగా నిలబెట్టారు.

ఒక చివర నన్ను ఉంచి, "నువ్వు ఇంటి దగ్గర ఎదురుచూసే మనిషివి" అన్నారు. రెండో చివర ఒక పిల్లాడి చేతికి పలక ఇచ్చి, "నువ్వు దూరాన ఉన్న డ్రైవరువి. కబురు పంపాలి" అన్నారు. మధ్యలో వాళ్లకి తలా ఒక పేరు పెట్టారు. ఒకడు ఫోను తీగ, ఒకతె ఫోను ఆఫీసులో పనిచేసే ఉద్యోగి, ఇంకొకడు కరెంటు, తక్కినవాళ్లు రోడ్డు, వంతెన, పెట్రోలు బంకు. పలక చేతులు మారుతూ క్షణాల్లో నా దగ్గరకొచ్చింది. దాన్ని వెనక్కి పంపించి, "ఇప్పుడు భూమి కదిలింది" అంటూ ఆయన వరస వెంట నడిచారు. ఎవరి భుజం తడితే వాళ్లు కూలబడాలి. తీగ కూలబడింది. వంతెన కూలబడింది. ఆఫీసు పిల్ల మాత్రం, "నేను గట్టి బిల్డింగులో ఉన్నానండీ" అని మొండికేసింది.

"బిల్డింగు నిలబడిందే అనుకో. మీ ఇంట్లో పిల్లలు రాళ్ల కింద ఉంటే నువ్వు ఫోను దగ్గర కూర్చుంటావా?" అన్నారు మాస్టారు. ఆ పిల్ల తనంతట తనే కూర్చుండిపోయింది.

పలక కదల్లేదు. మాస్టారు నన్నడిగారు, "అటు చూడమ్మా. డ్రైవరు ఏమయ్యాడు?"

"నిలబడే ఉన్నాడండీ. పలక చేతిలోనే ఉందండీ."

వెనక నుంచి ఎవరో, "ఆడు కూడా పడిపోతే ఏంటండీ?" అన్నారు. మాస్టారు నావైపే చూస్తూ నెమ్మదిగా చెప్పారు. "పడిపోయి ఉండొచ్చు కూడా. అబద్ధం చెప్పనమ్మా, నాకు తెలీదు. కానీ కబురు రాలేదంటే మనిషి లేడని కాదు. మొన్న తుఫానప్పుడు పక్క ఊళ్లో ఉన్న మా చెల్లెలు బతికుందో లేదో నాకు నాలుగు రోజులు తెలీలేదు. ఇది అంతకన్నా పెద్దది. అక్కడ దారులు బాగుచేసేవాళ్లకీ ఇళ్లు పోయాయి."

తర్వాత కబురు ఎలా తేవాలో మమ్మల్నే ఆలోచించమన్నారు. కూర్చున్నవాళ్లని లేపొద్దని, చుట్టూ తిరగమన్నారు. పలక దడి వెంట, నూతి పక్కగా తిరిగి తిరిగి చాలాసేపటికి నాకు చేరింది. నేను దాన్ని గుండెలకి హత్తుకుని కూలబడిపోయాను. తెల్లపంచె మట్టవుతుందని చూసుకోకుండా ఆయన నా పక్కనే నేలమీద కూర్చున్నారు, బెల్లు కొట్టేదాకా.

ఆ సాయంత్రం అమ్మకి అదంతా చెప్పాను. నవ్వలేదు, కసురుకోలేదు. పళ్లెం ముందు కూర్చుని నాలుగు ముద్దలు తింది.

శుక్రవారం పొద్దున్న బాబాయి సైకిలు కూడా లేకుండా పరిగెత్తుకుంటూ వచ్చాడు. "వదినా, లైన్లో ఉన్నాడు, రా!" అమ్మా నేనూ బూతుకి పరిగెత్తాం. నాన్న ఫోన్లు పనిచేసే వేరే ఊరు దాకా వచ్చి ఫోన్ చేశాడు. సరుకు దించి ఊరి బయట హోటల్ దగ్గర లారీలో ఉండగా భూమి కదిలిందట. ఇన్నాళ్లూ దెబ్బలు తగిలినవాళ్లని లారీలో ఆసుపత్రికి చేరవేస్తూ ఉండిపోయాడట. అమ్మ రిసీవరు నా చెవికి పెడితే, "ఏమ్మా, అన్నం తిన్నావా?" అన్నాడు.

ఇంటికొచ్చాక నెల్లాళ్లు నాన్న శ్లాబు కింద పడుకోలేకపోయాడు. వాకిట్లో మంచం వేసుకునేవాడు. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే లేచి నిలబడేవాడు. కూలబడింది తీగలూ వంతెనలే కాదని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నేను రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. లోపల ఆపరేషన్ జరుగుతుంటే బయట బల్లమీద కూర్చున్నవాళ్లు నన్ను చూడగానే లేచి, "ఎలా ఉందండీ?" అని అడుగుతారు. ఏం కాదులెండి అనే మాట నా నోట ఇంతవరకూ రాలేదు. తెలిసింది చెబుతాను. తెలియనిది తెలియదంటాను. ఆ తర్వాత ఎంత పనున్నా కాసేపు వాళ్ల పక్కన కూర్చుని లేస్తాను.